పారెయ్యకు, పక్కనబెట్టు

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెబుతారని నేను అనుకోలేదు కూడా. బుధవారం సంతలో పాత ఇనుము కొనే అతని తోపుడు బండి మీద, రేకు డబ్బాలకూ సైకిలు రిమ్ములకూ మధ్య, విరిగిన గొడుగు పిడి ఒకటి కనబడింది. వంకీ తిరిగిన చెక్క పిడి. దాని మీద సన్నటి నల్లతీగ, దారం ఉండ చుట్టినట్టు ఒద్దికగా చుట్టి ఉంది. అలాంటిది ఈ చుట్టుపక్కల ఒక్కరి దగ్గరే ఉండేది. అదీ ఎప్పుడూ ఆయన ఎడమ జేబులోనే. అది ఆ జేబులోంచి ఇంత దూరం వచ్చిందంటే ఇంక అడగాల్సింది ఏమీ లేదు. అయినా అడిగాను.

"ఇది ఎక్కడిది?"

"ముసలాయన పోయిండు గద టీచరమ్మా, మొన్న. కోడలు పిలిచి ఇల్లంత ఊడ్చి ఇచ్చింది. గోతాలకు గోతాలు. అన్నీ కట్టినయే, అతికినయే. ఒక్కటి సక్కంగ లేదు."

నేను ఆ పిడిని చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ బండి మీద పెట్టలేదు.

"తీస్కపో, తీస్కపో. దాని తూకమెంత," అన్నాడతను.

నాకు ఆయన మీద కోపం ఉంది. ముందే చెబుతున్నాను. ఆ కోపం సంగతి దాచి, ఆయన పుణ్యాత్ముడు, మహానుభావుడు అని రాయడం నా వల్ల కాదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఉన్నప్పుడు ఎవరి గురించీ మంచి చెప్పనివాళ్లే ఆ మాట ఎక్కువ అంటారు.

నాకు మరిచిపోయే అలవాటు లేదు. అంగన్‌వాడీ టీచరుగా చేరిన రోజు ప్రెసిడెంటు గారి ఇంట్లో నాకు మంచినీళ్లిచ్చిన గ్లాసు, నా పక్కన కూర్చున్న సూపర్‌వైజరమ్మకు ఇచ్చిన గ్లాసు ఒకటి కావు. ఆమెది గూట్లోంచి తీశారు. నాది పెరట్లోంచి తెచ్చారు. మా ఆయన్ని దవాఖానాకు తీసుకుపోతున్నప్పుడు చెయ్యెత్తినా ఆపకుండా పోయిన బస్సు డ్రైవరు మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అతను తోలే బండి వస్తే ఎక్కను, తర్వాతది వచ్చేదాకా ఎండలో నిలబడతాను. "ఇదొక జబ్బే నీకు," అంటుంది మా అక్క. జబ్బయితే మందుండాలి. దీనికి నాకెవరూ మందు చెప్పలేదు.

ఆయన మీద మొదటి కోపం నా చిన్నప్పటిది. అడవి సరుకు కొనే సొసైటీకి మా ఊళ్లో ఒక డిపో ఉండేది. గుట్టల మీది గూడేల నుంచి కోయవాళ్లు చింతపండు, కుంకుడుకాయ, బంక కావళ్ల మీద మోసుకొచ్చేవాళ్లు. మా పేట ఆడవాళ్లూ ఏరుకొచ్చింది తెచ్చి అమ్మేవాళ్లు. అక్కడ కాటా వేసేది ఆయనే. ఒకరోజు మా అమ్మ బుట్ట దించి తన వంతుకు నిలబడింది. వెనక షావుకారు మనిషి ఎవరో వచ్చాడు. ఆయన మా అమ్మ వైపు చూడకుండానే "పక్కకు జరుగు" అన్నాడు. మా అమ్మ జరిగింది. పొద్దు వాలేదాకా జరిగే ఉంది. ఆ మాట ఆయన రోజూ ఎంతమందితో అనేవాడో నాకు తెలియదు. నేను విన్నది ఒక్కసారే. అది చాలు.

అలాంటి మనిషి రిటైరయ్యాక వేరే తీరుగా తయారయ్యాడు. ఆయన సొంతూరు మధిర వైపు. అక్కడికి పోలేదు. కొడుకు ఇక్కడే ఎరువుల కొట్టు పెట్టుకుంటే ఆ ఇంటి ముందు గదిలో ఉండిపోయాడు. పొట్టి మనిషి. ప్యాంటు నిలవడానికి బెల్టు బదులు సైకిలు ట్యూబు ముక్క కట్టేవాడు. ఎవరింట్లోనైనా కుర్చీ వేస్తే కూర్చునే ముందు గొంతుక్కూర్చుని దాని కిందికి తొంగి చూసేవాడు. కాలు ఊగుతుంటే కూర్చోవడం మరిచిపోయి జేబులోంచి తీగ తీసేవాడు.

మనుషుల బాగోగులు అడగడం ఆయనకు రాదు. వస్తువుల బాగోగులు అడిగేవాడు.

"టీచరమ్మా, మీ సెంటరు బీరువా తలుపు ఎట్లున్నది?"

"మీ పిల్లల బల్ల కాలు నిలబడ్డదా, ఇంక ఊగుతనే ఉన్నదా?"

కూతురి పెళ్లి చేసి వచ్చిన మనిషిని పట్టుకుని, పిల్ల ఎలా ఉందని అడక్కుండా, "పందిట్ల పెట్రోమాక్స్ లైటు ఆరిపోకుంట వెలిగిందా?" అని అడిగినవాడు ఆయన. ఆ మనిషి నాకు చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా సంగతి అడిగినప్పుడు కూడా బీరువా తర్వాతే అడుగుతాడని అప్పుడు అర్థమైంది.

ఇంత చేసీ ఆయనకు బాగు చెయ్యడం రాదు. అది ఊరందరికీ తెలుసు. ఆయన చేతిలో పడ్డ వస్తువు బాగయ్యేది కాదు, విడిపోకుండా ఉండేది, అంతే. ఏదైనా సరే తీగ వేసి మూడు మెలికలు తిప్పేవాడు. చివర ఎవరికీ గీసుకోకుండా లోపలికి వంచి బొటనవేలితో అదిమేవాడు. ఆ వంచడం మాత్రం ఎన్నడూ మరవలేదు. చూడ్డానికి వికారంగా ఉండేది. మా సెంటరు కుర్చీలన్నీ కట్లు కట్టిన రోగుల్లా ఉండేవి. పిల్లల చర్మం మీద మాత్రం ఒక్క గీతా పడలేదు.

ఎవరైనా దేన్నైనా పెంటకుప్ప మీదికి విసరబోతే ఎక్కడినుంచో వచ్చేవాడు. "పారెయ్యకు, పక్కనబెట్టు," అనేవాడు. ఊళ్లో పిల్లలు ఆ మాట పట్టుకుని ఆయన వెనక పాటలా పాడేవాళ్లు. ఆయన కోడలు కూడా అనేది, వేరే గొంతుతో: "పక్కనబెట్టి పక్కనబెట్టి మాకు పక్కేసుకునే జాగ లేకుంట చేసిండు."

డిపోను అశ్వారావుపేటకు ఎత్తేశాక గోదాం ఖాళీగా పడి ఉంది. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, అటొక తలుపు ఇటొక తలుపు. గోడల్లో ఇంకా చింతపండు పులుపు వాసన ఉండేది. ఒక సంత నాడు వాన దంచికొడుతుంటే మా సెంటరు అరుగు మీద ఆయనా నేనూ నిలబడి ఉన్నాం. గూడెం మనిషి ఒకామె పసిపిల్లను రొమ్ముకు అదుముకుని, నెత్తిన యూరియా సంచి కప్పుకుని గుట్ట దారి పట్టింది. ఆయన ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు.

"ప్రెసిడెంటు ఇంటి ఎనక పెంట మీద గొడుగులు చూసినవా టీచరమ్మా?" అన్నాడు. "ఒక్క పుల్ల ఇరిగింది. ఒక్కటే పుల్ల. గుడ్డ గట్లనే ఉన్నది."

ఆ మర్నాడు నన్ను గోదాంలోకి పిలిచాడు. నా సెంటరు సుద్దముక్కలు అడిగి తీసుకుని (తిరిగి ఇవ్వలేదు) గచ్చు మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ గోదామంతా గీశాడు.

"ఇది ముందు తలుపు. అక్కెర లేని వస్తువు తెచ్చి ఇచ్చెటోళ్లు ఇట్ల వస్తరు. తీసుకునెటోళ్లు అటు తలుపుకెల్లి పోతరు. ఒకరి మొఖం ఒకరు చూసుకునే పనే లేదు. ఇక్కడ గొడుగులు. ఇక్కడ స్టవ్వులు, లాంతర్లు. ఈ మూలకు కుర్చీలు, మంచాలు. నడుమల బాగు చేసెటోళ్లు కూసుంటరు."

"ఎవరు కూసుంటరు సారూ, ఊరికే?"

"సంతకొచ్చే గొడుగులాయన పొద్దటి పూట ఖాళీనే. టైలరు ఒప్పుకుండు. అశ్వారావుపేటల రేడియో మెకానిక్కు ఒకడున్నడు, వాణ్ని బతిమాలుకుంట."

"మరి మీరు?"

"నేను తుడుస్త."

ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. సుద్ద చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని అటు తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. "ఒక్క మనిషి, టీచరమ్మా. ఒక్క మనిషి ఒక వస్తువు చేత్తో పట్టుకోని ఈ తలుపుకెల్లి బయటికి నడిచి పోవాలె. అది ఈ కండ్లతోటి చూస్తె సాలు నాకు."

ఎన్నో ఏళ్లు అదే తలుపు దగ్గర కాటా వేసిన మనిషి. సరుకు పెట్టేసి ఖాళీ చేతులతో పోయేవాళ్లను చూసిన మనిషి. 

పంచాయితీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. నాకు బెంచీ చివర ఇంత చోటు ఇచ్చారు, అదీ సూపర్‌వైజరమ్మ సర్దుకుంటే. ప్రెసిడెంటు గోదాం తాళం ఇస్తానన్నాడు. ఇస్తానంటూనే మెలిక పెట్టాడు.

"సారూ, మా ఇంటి గిన్నెలు ఎవరన్న తీస్కపోనీ, మాకేం. మరి పేటల గిన్నె వచ్చి మా ఇంటి పొయ్యి మీద కూసుంటె?"

ఆ మాట అంటూ ఎటు చూశాడో నాకు తెలుసు. సారు వెంటనే తగ్గాడు. "గిన్నెలు వద్దు. కంచాలు వద్దు. తినేటియి, తాగేటియి ఏవీ పెట్టం," అన్నాడు. గొడుగుల కోసం గిన్నెలు వదిలేసుకున్నాడు. అది ఆయన లెక్కన చిన్న విషయం. నా లెక్కన కాదు.

అప్పుడు నేను లేచి ఒక మాట చెప్పాను. "ప్రతి వస్తువుకూ అది ఎవరిదో చీటీ కట్టాలె. ఎవరింట్లకెల్లి వచ్చిందో తెలవాలె."

ప్రెసిడెంటు నవ్వాడు. "పసిపిల్లలకు పేర్లు రాసినట్టు గొడుగులకు రాస్తవా టీచరమ్మా? పోలియో చుక్కలు గూడ ఏస్తవా?" అందరూ నవ్వారు. సూపర్‌వైజరమ్మ కూడా నవ్వింది.

ఆయన నవ్వలేదు. కానీ నా వైపు కాకుండా జనం వైపు తిరిగి జవాబిచ్చాడు. "వద్దు. పేరుంటె ఇచ్చెటోడు ఛాతీ ఇరుస్తడు. తీసుకునెటోడు తల దించుకుంటడు. పేరు లేకుంటె వస్తువొక్కటే ఉంటది."

అందరూ తలలూపారు. మంచి మాటే. వినడానికి ఇప్పటికీ మంచి మాటే.

"రేపు ఏదన్న తకరారొస్తే?" అన్నాను నిలబడే.

"రాదమ్మా, కూసో," అన్నాడు. అందరిలో.

ఆ వానలు తగ్గేలోపే మా ఆయన మంచాన పడ్డాడు. కలప లారీల మీద ఎగుమతి కూలీ ఆయన. దగ్గు ముదిరి దగ్గుతోనే లోపల ఏదో తెగినట్టయింది. మాకు సెంటు భూమి లేదు. అయినా సాయంత్రం రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వస్తే చెవికి ఆనించుకుని వినేవాడు, విని దానితో తగువాడేవాడు. "ఏ మందు కొట్టాలెనో వానికేం తెలుసు, ఫ్యాను కింద కూసోని చెప్పెటోనికి," అనేవాడు. ఆ రేడియో కూడా ఆయనతోపాటే గొంతు పోగొట్టుకుంది. పలకకపోయినా దిండు పక్కనే పెట్టుకునేవాడు.

ఒకరోజు ఆయన, అదే కాటా సారు, చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి మంచం వైపు చూశాడు.

"మంచం కుంటుతున్నది," అన్నాడు.

అంతే. గొంతుక్కూర్చుని కాలి కింద చెక్కపేడు పెట్టి, తీగ వేసి మూడు మెలికలు తిప్పాడు. నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం నవ్వాడు. ఆ నెలలో నవ్వింది అప్పుడే.

"సారూ, మంచాన్ని చూసినవ్ గని మంచం మీదోణ్ని చూడకపోతివి."

ఆయన ముఖం కందిపోయింది. "నిన్ను చూసెటందుకు డాక్టరున్నడు. మంచానికెవరున్నరు?" అన్నాడు. పోయేముందు రేడియో వైపు చెయ్యి చాపాడు. "ఇయ్యి, మెకానిక్కుతోటి చేయిస్త."

"వద్దు సారూ. లేచినంక నేనే పోయి చేయించుకుంట."

ఆయన తలూపాడు. కానీ చూపు రేడియో మీదినుంచి ఆలస్యంగా లేచింది. అది నేను గమనించాను.

మా ఆయన లేవలేదు. పోయేదాకా ఆ మంచం మాత్రం కుంటలేదు.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. మనిషిని మట్టి చేశాక, అతను ఎక్కువగా చేతపట్టిన వస్తువొకటి తల వైపు పెడతాం. పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వస్తాం. దాన్ని మళ్లీ ఎవరూ ముట్టరు. గుట్టల మీది కోయవాళ్లు కూడా పోయినవాళ్ల వస్తువులు వాళ్లకే వదిలేస్తారు. మా బావగారు వాచీ, సైకిలు అప్పటికే తన ఇంటికి చేర్చుకున్నాడు. "రేడియో పెట్టుర్రి. ఎట్లాగూ పలకది," అన్నాడు. ఆ మాటకు నేను అతనితో నేటికీ మాట్లాడను. కానీ పెట్టాల్సింది అదే. నా చేత్తోనే పెట్టాను. తిరిగి చూడలేదు.

కాటా సారుది వేరే పద్ధతి. ఆయన చర్చికి పోయే మనిషి. వాళ్లు మట్టి మీద శిలువ నిలుపుతారు, పూలు పెడతారు. వస్తువులు పెట్టరు. వాళ్ల స్థలమూ మా స్థలమూ వాగు ఒడ్డునే, మధ్యలో ఒక కంప. ఆయన భార్య అక్కడ ఉంది. ఆదివారాలు పోయి వచ్చేవాడు.

గోదాం తెరిచిన రోజు కూడా సంతే. నేను పోవద్దనుకున్నాను. మా ఆయన పోయినప్పటినుంచి ఇల్లు దాటలేదు. సూపర్‌వైజరమ్మ కబురు చేసింది, పిల్లల్ని తీసుకుని రమ్మని. పోయాను. గోదాం ఇంకా ఇంత దూరం ఉండగానే వినిపించింది. వరిలో కాండం తొలిచే పురుగు గురించి ఎవరో చెబుతున్నారు. రేడియో. మామూలు రేడియో అయితే నేను ఆగేదాన్ని కాదు. ఆ గొంతు వెనక ఒక గరగర ఉంది. ఆ గరగరతో నేను పదేళ్లు కాపురం చేశాను.

లోపల జనం బాగానే ఉన్నారు. గచ్చు మీద సుద్దగీతలు ఇంకా చెరగలేదు, వాటి ప్రకారమే వస్తువులు పెట్టాడు. గొడుగులన్నీ వరసగా గోడకు ఆనించి ఉన్నాయి, నల్లగా, ఒకే తీరుగా. లాంతర్ల గాజులు తుడిచి ఉన్నాయి. గూడేల నుంచి వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు, ముట్టొచ్చో లేదో తెలియక. ఒకామె ధైర్యం చేసి ఒక గొడుగు తీసింది. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచి దాని కింద నిలబడి నవ్వింది. ఆ రోజు యూరియా సంచి కప్పుకున్న మనిషి ఆమేనా అంటే నేను చెప్పలేను. అయి ఉండొచ్చు.

ఆయన నన్ను చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు.

"టీచరమ్మా! ఇను. మాట్లాడుతున్నది!"

"ఇది ఎక్కడిది సారూ?"

"ఎక్కడిదేంది, మీదే. అక్కడ మట్టి మీద వానకు తడుస్తున్నది. చూసి చూసి ఎట్ల ఊకుంట? ఎండబెట్టి మెకానిక్కుకిచ్చిన. లేచినంక చేయించుకుంటనన్నడు గద. నేను చేయించిన."

ఆయన నాకు దాన్ని అందించబోయాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అది పారేసింది కాదు సారూ. ఆయనకిచ్చింది."

ఆయనకు అర్థం కాలేదు. "ఆయన లేడు గదమ్మా," అన్నాడు, మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు.

"లేడు గాబట్టే ఇచ్చినం."

గోదాంలో రేడియో ఒక్కటే చెబుతోంది, ఎకరానికి ఎంత మందు కలపాలో. ఎవరూ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆపాలంటే ముట్టాలి.

ప్రెసిడెంటు భార్య అడిగింది. "సారూ, ఆడికెల్లి ఇంక ఏమేం తెచ్చిండ్రు?"

ఏమీ తేలేదని ఒక్క మాట అంటే అయిపోయేది. అందరూ నమ్మేవాళ్లు. ఆయన మాట మీద ఊరికి అంత నమ్మకం ఉంది. ఆయనకు ఆ మాట రాలేదు. గోడ వైపు చూశాడు.

"ఒక గొడుగు," అన్నాడు. "మంచిదే. ఒక్క పుల్ల..."

"ఏ గొడుగు?"

ఆయన పోయి ఒకటి తీశాడు, పెట్టాడు. ఇంకోటి తెరిచి చూశాడు. అన్నిటికీ కొత్త పుల్లలు వేశారు. అన్నీ నల్లవే. ఏ గుడ్డ మీదా పేరు లేదు, ఏ పిడికీ చీటీ లేదు. వస్తువొక్కటే ఉంది.

గూడెం ఆమె తన చేతిలో గొడుగును మూసింది. బొత్తం పెట్టింది. ఎక్కడ తీసిందో అక్కడే ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకుని అటు తలుపులోంచి ఖాళీగా బయటికి నడిచింది. ఆమె వెనక అందరూ. ఇచ్చినవాళ్లు కూడా తమవి తీసుకుపోలేదు. ఏది ఎక్కడిదో, ఏది దేని పక్కన ఉందో ఎవరికి తెలుసు? గచ్చు మీద సుద్దగీతల్ని తొక్కుకుంటూ ఊరంతా వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాకు మిగిలిన పేరు ఏమిటంటే, "టీచరమ్మ నోరు గోదాం మూసింది." ఇప్పటికీ అంటారు. నా తప్పు లేదు. నా మొగుడి మట్టి మీద పెట్టినదాన్ని నా ముందు పెట్టి వినమంటే నేను వినాలా? చీటీలు కట్టమన్నది ఎవరు? కట్టి ఉంటే ఆ ఒక్క గొడుగే పోయేది. మిగతావన్నీ ఎవరి చేతుల్లోనో గుట్ట దారిలో పోయేవి. ఈ మాట నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

కొన్ని రోజులకు ఆయన మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. క్షమించమని అంటాడనుకున్నాను.

"పక్కకు పిలిచి చెప్పకపోతివి టీచరమ్మా," అన్నాడు. "అందర్ల అనకపోతే..."

"మీరు మా అమ్మకు పక్కకు పిలిచి చెప్పిండ్రా?"

"మీ అమ్మకా? ఏం చెప్పలే?"

ఆయనకు గుర్తు లేదు. కాటా దగ్గర నిలబడ్డ మా అమ్మ గుర్తు లేదు, బుట్ట గుర్తు లేదు. నేను చెప్పలేదు. ఆయన గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు, నిజంగానే. మా తలుపు కీలు ఊడి వేలాడుతోంది. దాన్ని చూశాడు. చెయ్యి జేబు దాకా పోయింది. ఆగిపోయింది. విరిగినదాన్ని చూసి ఆయన తీగ తీయకపోవడం నేను చూసింది అదొక్కసారే. అలాగే వెళ్లిపోయాడు. తర్వాత మేం మాట్లాడుకోలేదు.

రేడియో ఏమైందని ఎవరూ అడగలేదు. అది ఇంట్లోకి తెచ్చుకునేదీ కాదు, వేరే ఎవరికైనా ఇచ్చేదీ కాదు. పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస నాడు వాగు ఒడ్డుకు పోతే అక్కడ ఉంది. తల వైపే పెట్టాడు. వాన పడకుండా ఎరువుల సంచి లోపలి ప్లాస్టిక్కు కాగితం చుట్టి తీగ వేశాడు. మూడు మెలికలు. చివర లోపలికి వంచి ఉంది. అక్కడ ఎవరికి గీసుకుంటుందని? నేను ముట్టలేదు. చూశానని ఆయనకు చెప్పలేదు.

గోదాం తాళం ప్రెసిడెంటు తీసుకున్నాడు. వస్తువులన్నీ లోపలే తుప్పు పట్టాయి, కొన్నాళ్లకు వాగులో పోశారు. చుట్టుపక్కల పొలాల్లో ఆయిల్ పామ్ తోటలు వచ్చాక ఎరువుల బస్తాలు దింపారు. ఇప్పుడు గోడల్లో చింతపండు వాసన లేదు. ఆయన మాత్రం అటు తలుపు మెట్టు మీద కూర్చునేవాడు, రోజూ, తుడిచే పని లేకపోయినా. హమాలీలు బస్తా దింపుతూ "పక్కకు జరుగు తాతా," అనేవాళ్లు. జరిగేవాడు. నేను బస్సులోంచి చూసేదాన్ని. ఒకసారి దిగుదామనుకున్నాను. బస్సు ఆగలేదు అనడం అబద్ధం. ఆగింది. నేను దిగలేదు.

చివరి ఏడాది ఆయన్ని ముందు గదిలోంచి వెనక రేకుల పాకలోకి మార్చారట. "ముందర కొట్టు సామాను పెట్టుకోవాలె గద," అన్నాడట కొడుకు. చివరికి పాదిరిగారొచ్చి ప్రార్థన చేశారు, పూలు పెట్టారు. అంతా బాగానే జరిగిందని సంతలో చెప్పారు.

సంత నుంచి నేను తిన్నగా ఇంటికి రాలేదు. వాగు ఒడ్డుకు పోయాను. కంప దాటి వాళ్ల వైపుకు పోవడం అదే మొదలు. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. పూలు వాడిపోయాయి. శిలువ కర్ర ఒక పక్కకు ఒరిగి ఉంది, సరిగ్గా పాతలేదు. పిడి మీది తీగ కొంచెం విప్పి దాన్ని కట్టబోయాను. రెండు మెలికలు పడ్డాయి, మూడోది జారిపోయింది. చివర లోపలికి వంచాను. ఆ తర్వాత పిడిని తల వైపు పెట్టాను. అది వాళ్ల పద్ధతి కాదు. వాళ్ల పద్ధతి తెలిసినవాళ్లెవరూ అక్కడ లేరు.

చీటీ కడదామనుకున్నాను, ఇది పారేసింది కాదని రాసి. నా సంచిలో కాగితముంది, పెన్సిలుంది. కట్టలేదు. ఎవరైనా చూసి, బాగుంది గదా అని చేత్తో పట్టుకుపోతే పోనీ. ఆయన చూడాలనుకున్నది అదొక్కటే.

కోపం మాత్రం అక్కడ వదిలి రాలేదు. దాని మీద నా పేరుంది.